రక్తంలోని వారసత్వం

మానవుడు తన సంతానానికి విడిచి వెళ్ళే ఆస్తి రెండు విధాలు. ఒకటి కాగితాల మీద వ్రాయబడేది. ఇల్లు, పొలం, బంగారం మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. తండ్రి మరణానంతరం ఇది పంపకానికి వస్తుంది. రెండవది ఏ కాగితం మీదా వ్రాయబడనిది. బిడ్డ భూమి మీద పడక ముందే, తల్లి గర్భంలోనే అది పంచి ఇవ్వబడుతుంది. మొదటి దానికోసం అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరుగుతారు. రెండవ దానిని గురించి అడిగేవారే అరుదు. ఆ రెండవ ఆస్తిని గురించి నాలుగు మాటలు వ్రాయాలని ఈ చిన్న ప్రయత్నం.

నేను వైద్యుడను కాను. ఛందస్సు, వ్యాకరణం బోధించుకొనే తెలుగు ఉపన్యాసకుణ్ణి. మూత్రపిండాలను గురించి వ్రాయటానికి ఇతనికేమి అధికారమున్నదని పాఠకులు ప్రశ్నించవచ్చు. అధికారం లేదు, అవసరం ఉన్నది. మా ఇంట జరిగిన సంగతి నాచేత ఈ పుస్తకాలు తెరిపించింది. తెలుసుకొన్న కొద్దిపాటి విషయం నా వద్దనే ఉంచుకొంటే అది అపరాధమవుతుందనిపించింది.

మా స్వస్థలం మహదేవపూర్. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే కాళేశ్వరం మా మండలంలోనిదే. పూర్వం కరీంనగర్ జిల్లాలో ఉండిన మా ఊరు 2016 నుండి భూపాలపల్లి జిల్లాలో చేరినది. చుట్టూ అడవి. పట్టుకాయ దారంతో టస్సర్ వస్త్రాలు నేసే చేతులు ఒకవైపు, ఎండకాలం వస్తే తునికాకు కోసే చేతులు మరొకవైపు. మా అబ్బాజాన్ తునికాకు కల్లంలో మున్షీగా పని చేసేవారు. యాభై ఆకులకు ఒక కట్ట, వేయి కట్టలకు ఒక బస్తా. ఈ లెక్కను ఆయన ఉర్దూలో, చిన్న చిన్న అక్షరాలతో, పొడవైన ఖాతాపుస్తకంలో వ్రాసేవారు. ఆయన తమ్ముడు, మా చిచ్చా, బజారులో సైకిల్ టాక్సీ నడిపేవారు.

అబ్బాజాన్ 2017 జనవరిలో అల్లాహ్ సన్నిధికి చేరినారు. చెహలుం ముగిసిన మరునాడు ఇంటి పెద్దలందరూ వరండాలో కూర్చున్నారు. ఉన్నది ఒక పెంకుటిల్లు, రెండెకరాల చెలక. షరీఅత్ ప్రకారం అమ్మీకి ఎనిమిదవ వంతు. మిగిలిన దానిలో కొడుకునైన నాకు రెండు భాగాలు, ఆపాకు ఒక భాగం. ఎవరికీ పేచీ లేదు. అంతా సవ్యంగా ముగిసినదనుకొంటుండగా, అంతవరకు మౌనంగా కూర్చున్న చిచ్చా తల ఎత్తి, "ఇల్లు పంచుకున్నరు, చెలక పంచుకున్నరు, బాగానే ఉన్నది. మరి భాయి గుర్దాల బీమారీ ఎవరి వాటాకు వచ్చిందో చూసుకున్నరా?" అని అడిగినారు.

వరండా అంతా నిశ్శబ్దమైపోయింది. మొదట తేరుకొన్నది ఆపా. "అటువంటి మాట నోటికి తేకు చిచ్చా. ఇంట్ల ఎదుగుతున్న ఆడపిల్ల ఉన్నది. రేపు రిష్తాలు రావద్దా?" అన్నది. చిచ్చా మరి మాట్లాడలేదు. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ఆ ప్రశ్న వెనుక ఒక చరిత్ర ఉన్నది. అబ్బాజాన్‌కు మధుమేహం ఉన్నట్లు 2002లో తెలిసినది. చిచ్చాకు 2004లో తెలిసినది. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. ఒకే ఇంట, ఒకే పొయ్యి మీద వండిన అన్నం తిన్నవారు. ఒకే డాక్టరు వద్ద ఒకే రంగు మాత్రలు తెచ్చుకొన్నవారు. 2013లో అబ్బాజాన్ పాదాలు ఉబ్బినవి. ఉదయం లేచేసరికి కళ్ళ క్రింద నీరు చేరేది. రక్తపరీక్ష చేయించగా క్రియాటినిన్ హెచ్చుగా ఉన్నదన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి మూత్రపిండాలు రెండూ పని మానినవి. చిచ్చా మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా అదే మధుమేహంతో ఉన్నారు. ఈనాటికీ వారి మూత్రపిండాలకు ఏ లోపమూ రాలేదు.

2015 నుండి రెండేళ్ళపాటు మా ఇంటి జీవితమంతా డయాలసిస్ చుట్టూ తిరిగింది. వారానికి రెండుసార్లు తెల్లవారక ముందే లేచి, కాటారం, భూపాలపల్లి మీదుగా వరంగల్ ప్రయాణం. నాలుగు గంటలు యంత్రం ప్రక్కన పడక. రాత్రికి తిరిగి ఇల్లు. గోదావరి సీమలో పుట్టి, ఎండకాలపు కల్లంలో చెంబులకొద్దీ నీళ్ళు త్రాగిన మనిషికి రోజుకు ఇన్ని గ్లాసులకు మించరాదని ఆంక్ష పెట్టవలసి వచ్చింది. ఒకనాడు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చొని ఆయన నాతో, "నీళ్ళకు కూడా లెక్క వ్రాసే మున్షీని అయిపోయిన బేటా" అన్నారు. ఆ మాట తలచుకొంటే ఇప్పటికీ నా గొంతు తడి ఆరిపోతుంది.

ఒకే గర్భాన పుట్టిన ఇద్దరిలో ఒకరికి వచ్చినది, మరొకరికి ఎందుకు రాలేదు? ఇదీ నన్ను వేధించిన ప్రశ్న.

దీనికి సమాధానం వెదికేముందు మూత్రపిండమంటే ఏమిటో కొంచెం తెలుసుకోవాలి. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల సన్నని జల్లెడలున్నవి. ఇవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడపోస్తాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోనికే చేరుతుంది; మలినాలతో కూడిన ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వెలుపలికి పోతుంది. జల్లెడ ఆరోగ్యంగా ఉన్నంత కాలం ఆల్బుమిన్ అనే మాంసకృత్తు రక్తంలోనే నిలిచి ఉంటుంది. మధుమేహం వల్ల రక్తంలో చక్కెర, దానికి తోడు రక్తపోటు, ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉంటే ఈ జల్లెడ గోడలు మందమై, కన్నాలు చెడి, ఆల్బుమిన్ జారిపోవటం మొదలవుతుంది. ఈ దశలో నొప్పి ఉండదు, వాపు ఉండదు, మూత్రం రంగు మారదు. పాదాలు ఉబ్బేసరికి చాలా వరకు నష్టం జరిగిపోయి ఉంటుంది.

మధుమేహం ఉన్న ప్రతివారికీ ఇలా జరుగదు. పదిమందిలో సుమారు ముగ్గురు నలుగురికి మాత్రమే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మిగిలిన వారిలో చక్కెర అదుపులో లేనివారు కూడా కొందరు తప్పించుకొంటారు. కాబట్టి చక్కెరతోపాటు మరేదో ఉన్నదని శాస్త్రజ్ఞులు చాలా కాలం క్రిందటనే అనుమానించినారు.

ఆ అనుమానాన్ని బలపరచిన పరిశోధనలలో రెండు నన్ను ఎక్కువగా ఆకర్షించినవి. మొదటిది అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో నివసించే పీమా అనే ఆదిమ జాతివారిలో జరిగినది. వారిలో రెండవ రకం మధుమేహం మిక్కిలి హెచ్చు. తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ మూత్రంలో మాంసకృత్తు పోని ఇళ్ళలో, మధుమేహం వచ్చిన సంతానంలో నూటికి 14 మందికి ఆ లోపం కనబడింది. తల్లికో తండ్రికో ఒకరికి ఉంటే 23 మందికి, ఇద్దరికీ ఉంటే 46 మందికి కనబడింది. ఈ ఫలితాలు 1990లో వెలువడినవి. పద్నాలుగు, ఇరవై మూడు, నలభై ఆరు! మెట్టు మెట్టుకూ ప్రమాదం పెరుగుతున్న ఈ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండవది మన పొరుగున మద్రాసులో, అనగా నేటి చెన్నైలో జరిగి 1999లో ప్రచురింపబడినది. రెండవ రకం మధుమేహం వల్ల మూత్రపిండాలు చెడిన వారి తోబుట్టువులను, మధుమేహమున్నా మూత్రపిండాలు చక్కగా ఉన్నవారి తోబుట్టువులను ప్రక్కప్రక్కన పరీక్షించినారు. ఈ తోబుట్టువులందరూ కూడ మధుమేహం కలవారే. మొదటి వర్గంలో సగం మందికి మూత్రంలో మాంసకృత్తు స్పష్టంగా కనబడింది. రెండవ వర్గంలో ఒక్కరికి కూడా కనబడలేదు. మన దక్షిణాదివారి మీద, మన తిండి తినేవారి మీద జరిగిన పరిశోధన గనుక దీనిని దూరదేశపు ముచ్చట అని త్రోసివేయటానికి వీలు లేదు.

అయితే ఒక ఇంటివారందరూ ఒకే తిండి తింటారు గదా, అది అలవాటు దోషమెందుకు కారాదని విద్యార్థులు అడుగవచ్చు. సమంజసమైన ప్రశ్న. అందుకే శాస్త్రజ్ఞులు నేరుగా జన్యువుల వైపు దృష్టి మరల్చినారు. మానవ శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ మూడు వందల కోట్ల అక్షరాల గ్రంథమొకటి రెండు ప్రతులుగా ఉన్నది. ఒక ప్రతి తండ్రి నుండి వచ్చినది, మరొక ప్రతి తల్లి నుండి వచ్చినది. ఈ గ్రంథంలో ఒక అక్షరం మారితే ఏమవుతుంది? ఉర్దూ చదువుకొన్న విద్యార్థులకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. చుక్క పైన ఉంటే 'ఖుదా' అవుతుంది. అదే చుక్క క్రిందికి దిగితే 'జుదా', అనగా వేరైపోయినది, అవుతుంది. తెలుగులోనైతే ఒక్క దీర్ఘంతో 'కలము' కాస్తా 'కాలము' అవుతుంది. అబ్బాజాన్ ఖాతాలో ఒక సున్న తప్పితే కల్లం లెక్క అంతా తారుమారయ్యేది. జన్యుగ్రంథంలోనూ అంతే. అన్ని మార్పులూ చెరుపు చేయవు. కొన్ని మేలు చేస్తాయి, పెక్కు మార్పులు ఏమీ చేయవు.

2005లో జపాను శాస్త్రజ్ఞులు రెండవ రకం మధుమేహం గలవారిలో ఎల్మో-1 అనే జన్యువుకు, మూత్రపిండాల జబ్బుకు సంబంధమున్నదని కనుగొన్నారు. రక్తపోటును నడిపించే ఏ.సి.ఇ. అనే జన్యువులో ఒక ముక్క ఉండటం, లేకపోవటం అనే భేదం మీద అనేక దేశాలలో పరిశోధనలు జరిగినవి. కొన్ని జనసమూహాలలో సంబంధం కనబడింది, కొన్నింటిలో కనబడలేదు. 2019లో మొదటి రకం మధుమేహం గల సుమారు ఇరవై వేలమందిని పరిశీలించినప్పుడు, జల్లెడ గోడను కట్టే నాలుగవ రకపు కొల్లాజెన్ జన్యువులో ఒక మార్పు మూత్రపిండాలకు రక్షణ కలిగిస్తున్నట్లు తేలింది. జల్లెడ గోడను నేసే దారంలోనే బలాబలాల భేదమున్నదన్నమాట. మా ఊరి సాలెవారికి ఈ సంగతి చెబితే ఏమీ ఆశ్చర్యపోరు. మగ్గం ఒకటే అయినా దారాన్ని బట్టి గుడ్డ మన్నిక ఉంటుందని వారికి తెలుసు.

ఒక జాతిలో కనుగొన్నది మరొక జాతికి యథాతథంగా వర్తించదు. ఆఫ్రికా సంతతివారిలో అపోల్-1 అనే జన్యువులోని రెండు మార్పులు మూత్రపిండాల జబ్బును అధికం చేస్తాయని 2010లో వెల్లడైనది. ఆ మార్పులే వారిని ఒక విధమైన నిద్రజబ్బు నుండి కాపాడినవి గనుక అక్కడ తరతరాలుగా నిలిచినవి. మన దేశీయులలో అవి దాదాపు లేవు. మన సంగతి మనమే పరిశోధించుకోవాలి.

ఈ విషయంలో మన హైదరాబాదు ప్రపంచానికి ఒక ముఖ్యమైన పాఠం నేర్పినది. అక్కడి సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ సంస్థకు చెందిన కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్ గారలు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో భారతీయుల జన్యుచరిత్రను వెలువరించినారు. మన దేశంలోని అనేక సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుండి పెరిగి, వందల తరాలు కాకున్నా పెక్కు తరాలపాటు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకొన్నవని అందులో తేలినది. 2017లో దీనిని మరింత విస్తరింపజేసి 263 సమూహాలను పరిశీలించినారు. వాటిలో 81 సమూహాలలో ఈ లక్షణం ఫిన్లాండ్ ప్రజలలో కంటె కూడా గాఢంగా ఉన్నదట. అందుకు ఉదాహరణగా వారు చూపినది మన తెలుగుదేశపు వైశ్యులనే. శస్త్రచికిత్సలో మత్తుతో పాటు ఇచ్చే ఒక కండర మందును శరీరం విరుగగొట్టలేని లోపం వారిలో ఇతరులలో కంటె చాలా ఎక్కువ. ఈ సంగతి తెలిసిన మత్తు వైద్యుడు ముందుగా అడిగి, మందు మార్చి, ప్రాణం కాపాడగలడు. ఇది ఎవరినీ చిన్నబుచ్చే విషయం కాదు. తమలో తామే వియ్యమందుకొనే ఏ సమూహానికైనా, మేనరికాలు చేసుకొనే ఏ కుటుంబానికైనా, చాచా కూతురిని, ఖాలా కూతురిని చేసుకొనే మావంటి వారికైనా వర్తించేదే.

అయితే ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. వైశ్యులలోని ఆ లోపం ఒక్క జన్యువుకు సంబంధించినది. మధుమేహం వల్ల వచ్చే మూత్రపిండాల జబ్బు అటువంటిది కాదు. పెక్కు జన్యువులు, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా, ప్రమాదాన్ని పెంచుతాయి లేక తగ్గిస్తాయి. కాళేశ్వరం సంగమంలో రెండు నదుల నీళ్ళు కలుస్తాయి. అక్కడ రెండు బిందెలు ముంచితే ఏ బిందెలో ప్రాణహిత పాలెంత, గోదావరి పాలెంత అని ఎవరు చెప్పగలరు? రెండు బిందెల నీళ్ళూ ఒకటే కావు, వేరూ కావు. తోబుట్టువులు కూడా అంతే. సగటున సగం జన్యువులు మాత్రమే వారిలో సమానంగా ఉంటాయి. అబ్బాజాన్‌కు వచ్చిన భాగమే చిచ్చాకు వచ్చి ఉండాలనే నియమం లేదు. షరీఅత్ పంపకంలో నాకు రెండు పాళ్ళు, ఆపాకు ఒక పాలు. ఈ పంపకంలో మాత్రం కొడుకన్న, కూతురన్న పక్షపాతం లేదు. నాకెంత అవకాశమున్నదో ఆపాకూ అంతే ఉన్నది.

ఇంతవరకు చదివి నేను ఒక పొరపాటు చేసినాను. తప్పంతా రక్తం మీదికి నెట్టి, ఇక చేయగలిగినదేమీ లేదని నిశ్చయించుకొన్నాను. ఒకనాడు ఈ సంగతి చిచ్చాతో అంటే ఆయన నవ్వి, "మీ బావా బీడీ కాల్చేటోడు, నేను ముట్టలేదు. మోకాళ్ళ నొప్పులకు దుకాణంల గోలీలు కొని మింగేటోడు. బీపీ గోలీ మాత్రం పైసలున్నప్పుడే మింగేటోడు. డాక్టరు వద్దన్నా రోజాలు విడువలేదు. నేను దినాం సైకిల్ తొక్కిన. అన్నీ ఒకటే అంటవేంది బేటా?" అన్నారు.

నేను తెల్లబోయినాను. ఒకే ఇల్లు, ఒకే తిండి అని పదేళ్ళుగా అనుకొంటున్న లెక్క తప్పని ఒక్క క్షణంలో తేలిపోయింది. నొప్పి మాత్రలలో అనేకం మూత్రపిండాలకు హాని చేస్తాయి. పొగాకు చేస్తుంది. అదుపు లేని రక్తపోటు అన్నిటికంటె ఎక్కువగా చేస్తుంది. రోగికి ఉపవాసం నుండి మినహాయింపును ఖురాను గ్రంథమే ప్రసాదించినది. ఆ మినహాయింపును వాడుకోవటం విశ్వాసంలో లోటు కాదని మన ఇళ్ళలో చెప్పేవారు ఇంకా కావాలి. అన్నదమ్ముల మధ్య భేదంలో రక్తం పాలెంత, అలవాటు పాలెంత అని నేను విడదీసి చెప్పలేను. కాని రక్తంలో వచ్చినదానిని మనం మార్చలేము, మిగిలినది మార్చగలము. రక్తంలో ప్రమాదమున్న వానికి ఆ మిగిలిన దాని మీద జాగ్రత్త రెండింతలు కావాలి. ఈ చిన్న సూత్రం నాకు బోధపడటానికి ఇన్నేళ్ళు పట్టినది.

మరొక సంగతి కూడా చెప్పాలి. మూత్రపిండాల జబ్బు అనగానే దానికి చక్కెరే మూలమనుకోరాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మధుమేహం లేనివారు సైతం వేలమంది ఈ వ్యాధికి గురి అయినారు. ఎన్నో ఏళ్ళుగా పరిశోధనలు జరుగుతున్నా అక్కడి కారణం పూర్తిగా తేలలేదు. మా ఇంటి కథ ఆ కథ కాదు. ఇక్కడ శత్రువు ఎవరో తెలుసు, వచ్చే దారి కూడా తెలుసు.

ఆ దారిలో కాపలా ఉండే పరీక్ష ఒకటున్నది. మూత్రంలో ఆల్బుమిన్‌కు, క్రియాటినిన్‌కు గల నిష్పత్తిని చూసేది. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే మంచిది. 30 నుండి 300 వరకు ఉంటే హెచ్చరిక. 300 దాటితే ప్రమాదం ముదిరినట్లు. రెండవ రకం మధుమేహం ఉన్నవారు దీనిని ఏటా చేయించుకోవాలి. అబ్బాజాన్‌కు 2002 నుండి 2013 వరకు, పదకొండేళ్ళలో, ఈ పరీక్ష ఒక్కసారి కూడా జరుగలేదు. చేయించుకోమని మాకు చెప్పినవారు లేరు. అడిగి తెలుసుకొన్నవారమూ మేము కాము. ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వినట్లు, పాదాలు ఉబ్బిన తరువాత పరుగెత్తినాము.

ముందుగా తెలిస్తే ఏమి ప్రయోజనమని కొందరు నిట్టూరుస్తారు. ప్రయోజనమున్నది. లోసార్టాన్ వంటి మందులు రెండవ రకం మధుమేహంలో మూత్రపిండాల క్షీణతను నెమ్మదింపజేస్తాయని 2001లోనే రుజువైనది. మూత్రం ద్వారా చక్కెరను వెలుపలికి పంపే మరొక తరగతి మందులు కూడా మూత్రపిండాలను కాపాడుతాయని 2019 నుండి వరుసగా రుజువులు వచ్చినవి. వాటిలో డాపాగ్లిఫ్లోజిన్ అనే మందుకు మన దేశంలో 2020లో పేటెంటు ముగిసిన తరువాత ధర బాగా తగ్గినది. ఏ మందు ఎవరికి తగునో వైద్యుడే చెప్పాలి. నేను చెప్పదలచినది ఒక్కటే. తలుపు పూర్తిగా మూసుకొనక ముందే తట్టాలి.

ఇక ఆపా సంగతి. ఆమెకు 2019లో మధుమేహం బయటపడింది. మూత్రపరీక్ష చేయించుకొమ్మని నేను నాలుగేళ్ళు బతిమాలినాను. ప్రతిసారీ ఒకే సమాధానం. "కాగితం మీద వ్రాయించుకొంటే ఊరంతా తెలుస్తది. ఖాన్‌దానీ బీమారీ అంటరు. పిల్ల పెండ్లి కానీ, తరువాత చూద్దాం." నేను కోపపడినాను, అలిగినాను. ఒకరోజు ఆమె ఎదురు ప్రశ్న వేసినది. "నన్ను పొమ్మంటవు గదా, నువ్వు చేయించుకొన్నవా?"

నేను తల దించుకొన్నాను. పుస్తకాలన్నీ చదివిన నేను నా రక్తమైనా చూపించుకోలేదు. భయం చదువుకొన్నవానికి ఒక విధంగా, చదువుకోనివానికి మరొక విధంగా ఉంటుంది. ఆమె తన భయాన్ని కూతురి పెళ్ళి చాటున దాచినది; నేను నా భయాన్ని పుస్తకాల చాటున దాచినాను. ఇద్దరిలో ఎవరి తప్పు ఎక్కువ?

మరుసటి వారం ఇద్దరం కలిసి వెళ్ళినాము. నాకు మధుమేహం ఇంకా రాలేదు గాని గడపలో నిలిచి ఉన్నది. ఆల్బుమిన్ బాగానే ఉన్నది. ఆపాకు 84 వచ్చింది. ఆ కాగితం పట్టుకొని ఆమె చాలాసేపు బల్ల మీద కూర్చుండిపోయినది. తరువాత మెల్లగా, "అయితే బావా వాటా నాకే వచ్చిందన్నమాట" అన్నది. నేనేమీ అనలేకపోయినాను. డాక్టరుగారు మాత్రం, "మీ నాన్నగారు పదకొండేళ్ళు ఆలస్యంగా వచ్చినారు. మీరు సమయానికే వచ్చినారు" అన్నారు. రక్తపోటుకు మందు మార్చినారు, ఉప్పు తగ్గించమన్నారు, నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడరాదన్నారు.

అప్పుడు నడుస్తున్న ఒక రిష్తా వారికి ఆపాయే స్వయంగా ఈ సంగతి చెప్పినది. ఆ సంబంధం ముందుకు సాగలేదు. కారణం ఇదేనని వారు చెప్పలేదు, మేము అడుగలేదు. ఆపా నాతో రెండు వారాలు మాట్లాడలేదు. నేను చేసినది మంచో చెడో నాకే తోచలేదు. మూడవ వారంలో మా మేనకోడలు ఫోను చేసి, "మామూ, అమ్మీకి మళ్ళీ పరీక్ష ఎప్పుడు?" అని అడిగినది. నిరుడు ఆపా నిష్పత్తి 84 నుండి 41కి దిగినది. మేనకోడలు డిగ్రీ చదువుతున్నది. రిష్తాలు వస్తూనే ఉన్నవి.

ఈ జబ్బు తెలుసుకోవటానికి జన్యుపరీక్ష చేయించుకోవాలా అని కొందరు నన్నడిగినారు. సామాన్యంగా అవసరం లేదు. ఖర్చులేని జన్యుపరీక్ష ఒకటి ప్రతి ఇంటా ఉన్నది. దాదాను, దాదీని, నాన్నమ్మను, అమ్మమ్మను అడగటమే ఆ పరీక్ష. ఎవరికి షుగర్ ఉండినది? ఎవరికి పాదాలు ఉబ్బినవి? ఎవరు, ఏ వయస్సులో, దేనితో పోయినారు? 2023లో ప్రచురింపబడిన అఖిల భారత పరిశోధన ప్రకారం మన దేశంలో మధుమేహం గలవారు పది కోట్లు దాటినారు. వారి ఇళ్ళలో ఈ ప్రశ్నలు వేసేవారు ఎందరున్నారు?

అబ్బాజాన్ వదలి వెళ్ళిన వస్తువులలో తునికాకు ఖాతాపుస్తకమొకటి నా వద్ద ఉన్నది. చివర కొన్ని ఖాళీ పుటలున్నవి. వాటిలో ఒక పుట మీద నేను గీతలు గీసి మా కుటుంబంలోని పేర్లు వ్రాసినాను. పేరుకెదురుగా చక్కెర బయటపడిన సంవత్సరం, రక్తపోటు, మూత్రపరీక్ష ఫలితం. మొదటి పేరు అబ్బాజాన్‌ది. ఆయన పేరుకెదురుగా మూడవ గడి ఖాళీగా ఉన్నది. ఆ గడి ఎప్పటికీ నిండదు. మిగిలిన పేర్లకెదురుగా ఏ గడీ ఖాళీ ఉండరాదని మా నియమం. ఏటా ఒకసారి ఆపా వచ్చి తన అంకెను తన చేతితోనే వ్రాస్తుంది.

విద్యార్థి మిత్రులారా! రక్తంలో ఉన్నదని చెప్పి జబ్బును దాచటం ఒక అలవాటు. రక్తంలో ఉన్నదని చెప్పి చేతులు ముడుచుకోవటం మరొక అలవాటు. ఈ రెండూ నేను చేసినవే. రక్తంలో ఉన్నది గనుకనే ముందుగా వెళ్ళి చూపించుకోవాలన్న మూడవ మార్గం కూడా ఉన్నది. ఈ సంచిక ఇంటికి తీసుకొని వెళ్ళినరోజు సాయంత్రం మీ ఇంటి పెద్దల ప్రక్కన కూర్చొని ఒక్కసారి అడగండి. ఒక పాత నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు.